కొండ దిగిన ఏడు

రాజమండ్రి బస్టాండులో ఉదయం ఆరుంబావుకి పోలవరం బస్సెక్కాం. నాకు కొండలంటే సరదా అనుకునేరు. మాది భీమవరం పక్క పల్లె. అక్కడ ఎత్తైన చోటంటే చేపల చెరువు గట్టే. అది ఎక్కినా నాకు ఆయాసం వస్తుంది. కంప్యూటర్లో మ్యాపులు చేయడం వచ్చిన పాపానికి, గోదావరి పరీవాహకంలో కొండచరియలు విరిగిపడే చోట్లు గుర్తించే పనిలో నన్ను పడేశారు. ఎర్ర రంగు వేస్తే ప్రమాదం, పచ్చ రంగు వేస్తే క్షేమం. పాపికొండల్లోని గూడేలకు కొత్త ఇళ్లు ఎక్కడ కట్టాలో ఆ రంగులు చూసే తేలుస్తారు. మ్యాపు సోమవారానికల్లా ఇచ్చేయాలి. ఇక మిగిలింది ఒక్క గూడెం.

ఈ చివరి గూడేనికి నాకు తోడు మూర్తిగారు. రాళ్లూ మట్టీ చదువుకున్న పెద్దాయన, రిటైరయి మూడేళ్లయింది. రాయి కనిపిస్తే సుత్తితో కొట్టి చూడందే కదలరు. కొవ్వూరులో టీకి ఆగితే రోడ్డు పక్క కంకర గుట్టని కూడా వదల్లేదు. "మాస్టారూ, అది రోడ్డేసేవాళ్లదండి, చూశారంటే మీదకొస్తారండి" అని కండక్టరు బతిమాలి ఎక్కించాడు.

ఏడుముప్పావుకి పట్టిసీమ రేవులో దిగాం. అక్కడి పాకహోటల్లో ఇడ్లీ బాగుంటుంది, కానీ అల్లప్పచ్చడి నోరు తెరిచి అడిగితేనే వేస్తారు. ఎనిమిదిన్నరకి లాంచీ. పొద్దుటి ఎండ తప్పించుకోవాలంటే ఎడమవైపు కూర్చోండి. మేం కుడివైపు కూర్చుని మాడిపోయాం.

కొండలు రెండు పక్కల నుంచీ దగ్గరికి జరిగాక నేను సంచిలోంచి జీపీఎస్ తీశాను. పక్కన వలల మూట మీద కూర్చున్నాయన దానికేసి వంగి చూశాడు.

"ఏంటండీ అది, సెల్లా?"

"కాదండి. మనం ఎక్కడున్నామో చెబుతుంది."

"ఎక్కడున్నామంటందండి?"

చూశాను. ఆకాశం సరిగ్గా కనబడని చోట దానికి మతి పోతుంది. "కొండ మీద" అన్నాను నీరసంగా.

ఆయన వెనక్కి తిరిగి, "సరంగుగారూ, కాస్త కిందకి దించండి! కొండెక్కేశామంట!" అని కేకేశాడు. లాంచీ అంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా మూర్తిగారే.

పన్నెండుకి గూడెం రేవులో దిగాం. ఇరవై గడపలుంటాయి. పైన, కొండ మొదట్లో, చదునుగా ఓ మెట్ట ఉంది. కొత్త ఇళ్లకి అనుకున్న చోటు అదే. చదును కనిపిస్తే చాలు, కంప్యూటరుకి ప్రాణం లేచొస్తుంది. అప్పటికే పచ్చ రంగు వేసేసింది. ఫారం నింపడమే తరువాయి. వేపచెట్టు నీడలో అందరినీ కూర్చోబెట్టి మొదటి ప్రశ్న రేడియోలో వార్తల్లా చదివాను.

"గత ముప్పై ఏళ్లలో ఇక్కడ కొండచరియలు విరిగిపడిన సంఘటనలు ఉన్నాయా?"

గూడెం పెద్ద కాసేపు ఆలోచించి, "లేవండి" అన్నాడు. లేవు అని రాసుకున్నాను. మూర్తిగారు పులిహోర పొట్లం విప్పారు.

రెండో పేజీలో కుటుంబాల వివరాలు. మొదటి ఇల్లు సోమమ్మ అనే ఆవిడ కూతురికి ఇస్తారట. కూతురు చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది.

"మీ అమ్మాయి వయసెంతమ్మా?"

"కొండ దిగిన ఏడు పుట్టిందయ్యా" అంది సోమమ్మ.

మా వైపు కొండ దిగడమంటే ఒక్కటే. తిరుపతిలో దర్శనం చేసుకుని, గుండుతో దిగడం. "ఓహో, మొక్కుందా అమ్మా?" అన్నాను మర్యాదగా.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మేం దిగడం ఏంటయ్యా? కొండే దిగింది."

మూర్తిగారి చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "ఎక్కడికి దిగిందమ్మా?"

"అదిగో, ఇళ్లు కడతామంటున్నారే, ఆడికి. మా అత్త, రెండు ఎడ్లు ఇంకా దాని కిందే ఉన్నారు."

నేను గూడెం పెద్ద వైపు తిరిగాను. ఆయన నొచ్చుకున్నాడు. "మీరు చరియలన్నారండి. అవేంటో నాకు తెలీదు. తెలీనివి లేవనే కదండీ చెప్పాలి?"

మూర్తిగారు మెట్ట మీదకి పరుగులాంటి నడకతో వెళ్లి సుత్తితో తవ్వారు. మట్టీ రాళ్లూ కలగలిసి వచ్చాయి. "ఇది నేల కాదయ్యా, జారి ఆగిన కొండ. పైన మిగిలింది కూడా ఏదో ఒక వానకి ఇక్కడికే వస్తుంది" అన్నారు. "అయితే పచ్చ తీసేసి ఇక్కడ ఎర్ర రంగు వేయాలండి" అన్నాను.

"ఎర్ర రంగేస్తే మా ఇల్లు పోద్దా?" అని అడిగింది సోమమ్మ కూతురు.

"ఎర్ర రంగేసి ఊరుకుంటే పోతుంది. వేరే చోటు చూపించు" అన్నారాయన.

తల్లీ కూతుళ్లు ముందు నడిచారు. పావుగంట ఎక్కుడు. నేను మూడుచోట్ల కూలబడ్డాను. పైన మూర్తిగారు కొడితే రాయి ఖంగుమంది. ఆయన మొహం వెలిగింది. ఆ పిల్ల మాత్రం కింద గోదావరి కేసి చూసి, "ఇంత పైకి నీళ్లెవరు మోస్తారయ్యా?" అంది. నా మ్యాపులో దానికి రంగు లేదు. మూర్తిగారు ఫారం అంచున "పంపు లేకుండా ఇళ్లు కట్టొద్దు" అని పెద్దక్షరాలతో రాసి సంతకం పెట్టారు.

రెండున్నరకి తిరుగు లాంచీ. పాపికొండలు అందంగా ఉంటాయని అందరూ చెప్పేది నిజమే. కానీ వెళ్లేవాళ్లకి నేను చెప్పేదొకటుంది. ఆ ఒడ్డున చదునుగా, పచ్చగా, ఫొటోకి బాగుండే చోట్లు చూస్తే ఇప్పుడు నాకు భయం. మూర్తిగారు పాత ఫారాల కట్ట విప్పి ఒక్కొక్కటే తిరగేస్తున్నారు.

"మిగతా పన్నెండు గూడేల్లోనూ ఇదే ప్రశ్న అడిగావా?"

"అవునండి."

"ఏమన్నారు?"

"లేవన్నారండి."

పట్టిసీమ రేవులో దిగాక ఆయన కౌంటరు దగ్గరికి వెళ్లి మర్నాటి లాంచీకి రెండు టికెట్లు తీసుకొచ్చారు.

"సోమవారం ఇవ్వాలి కదండీ" అన్నాను.

"ఆలస్యమైందని నేను చెబుతాను. నువ్వు మాత్రం రేపు ఆ ఫారం చదవకు. ఊరికే పిల్లల వయసులు అడుగు."