ఎలుక వంతు

మా మనవరాలి బొమ్మల పుస్తకంలో హామ్‌స్టర్ అనే జంతువు ఉంది. చూడ్డానికి తోక కత్తిరించిన ఎలుక. దాని బుగ్గల లోపల సంచులుంటాయట. గింజలన్నీ వాటిలో కుక్కుకుని, తల రెండింతలు చేసుకుని బొక్కలోకి పోయి, ముందుకాళ్లతో బుగ్గలు నొక్కి బయటికి తోసి దాచుకుంటుందట. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఆ పేజీ కూడబలుక్కోవడానికి నాకు ఒక పూట పట్టింది. అది మన వైపు ఉండదని చివర్లో రాశారు. రాసినవాళ్లు మా ఊరు రాలేదు పాపం. నేను ఒకదాన్ని చూశాను. పంచె కట్టుకుని వచ్చింది.

తొంభైల చివర, వానలు సరిగా పడని ఏడాది. సరిగా పడిన ఏడాది ఏదని మాత్రం అడగొద్దు. మా కాస్త చేన్లో శెనక్కాయ ఊడ మట్టిలోకి దిగి కాయ కట్టకముందే ఎండిపోయింది. గట్టు అవతలి ఆసామికి బోరుంది కాబట్టి ఆయనకు మబ్బులతో పని లేదు. పంట ఎత్తేశాక ఎలుక బొక్కల్లో ఉన్న కాయలు తవ్వుకున్నవాళ్లవి. ఇది మా వైపు ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. తవ్వినవాళ్లు ఒక దోసెడు మళ్లీ బొక్కలో పోసి రావాలి, అది ఎలుక వంతు.

అత్తా నేనూ వారమంతా గడ్డపారతో ఆయన చేన్లో తిరిగాం. తినడానికి కాదు, విత్తనానికి. విత్తనం లేకపోతే చేను బీడు, మేము బెంగళూరులో ఇటుకలు మోయాలి.

మా ఎలుకకు బుగ్గల్లో సంచులు లేవు. ఒక్కో కాయనే పళ్లతో కరుచుకుని మోస్తుంది. నిండు కాయ తప్ప తాలుకాయ ముట్టదు. అంగట్లో మాకు అంటగట్టే విత్తనం కంటే అది బొక్కలో దాచిన కాయే శుభ్రంగా ఉంటుంది.

చివరి బొక్క తవ్వి మూట నింపుతుంటే ఆసామి వచ్చాడు.

"ఆ కాయలు నావి గదా," అన్నాడు.

"ఎలుక దాచినవి ఎప్పటి నుంచి నీవైనాయప్పా?" అంది అత్త.

"నా చేన్లో ఎలుక. అంటే నా ఎలుకే. నా బోరు నీళ్లు తాగిన కాయ తియ్యగుంటాది, తింటే తెలిసిపోతాది."

గట్టు మీద కూర్చుని మూటలో చెయ్యి పెట్టాడు. ఒలిచి ఒక బుగ్గ నింపాడు. అది ఖాళీ కాకముందే రెండో బుగ్గ. ఆయన దవడ ఆడినప్పుడల్లా మా చేన్లో ఒక నాగటి సాలు తగ్గుతున్నట్టే ఉంది నాకు.

"తేలిందా నాయనా?" అంది అత్త.

"ఇంగా లేదు," అన్నాడు, నోట్లో సందు లేకపోయినా.

"సరే, ఎలుక నీదే. మరి పోయిన ఆరుద్ర కార్తెలో మేం విత్తిన గింజలు సాలు పొడుగునా తోడి తినింది ఎవరి ఎలుక? ఊర్లో ప్రతి ఇంట్లో గోనెసంచి కొరికింది ఎవరిది? నీ ఎలుకను కట్టేసుకోకుండా ఊరి మీదికి ఇడిసినావే! పా, రచ్చకట్ట కాడికి పోదాం. కొరికిన సంచులు తెచ్చి నీ కాడ నష్టం అడగమని అందరికీ చెప్తా."

ఆసామి నమలడం ఆపేశాడు.

"ఎలుకకూ నాకూ ఏం సంబంధం!" అన్నాడు. మాటతో పాటు నాలుగు పలుకులు బయటికొచ్చాయి. పంచె దులుపుకుని వెళ్లిపోయాడు, బుగ్గలు అలాగే ఉబ్బించుకుని.

నేను మనసొప్పకపోయినా ఒక దోసెడు తీసి బొక్క వైపు వంగాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తాండావే?"

"ఎలుక వంతు, అత్తా."

"ఇచ్చేసినాం గదా. ఇప్పుడే కడుపు నిండా తిని పోయింది. మూట కట్టు."

తొలి వానకు ఆ మూటతోనే చేను విత్తాం. గట్టు వైపు రెండు సాళ్లు మాత్రం గింజ చాలక ఖాళీగా మిగిలాయి. ఆసామి అటు పోయినప్పుడల్లా అత్త వాటిని చూపించి అడిగేది:

"ఏమప్పా, తియ్యగుండెనా?"