పోశవ్వ చేతులు కట్టనివ్వని సుగుణక్క

ఇవాళ పొద్దున కామారెడ్డి బస్టాండులో ఒకావిడ, తడి గుడ్డలో చుట్టిన తునికాకు కట్ట ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. బీడీలు చుట్టే ఆ ఆకు పచ్చి వాసనకు సుగుణక్క గుర్తొచ్చింది. నేను నర్సుగా చేరిన వృద్ధుల ఆశ్రమంలో ఆమె పెద్ద నర్సు. పొట్టి మనిషి, గొంతు మాత్రం రోడ్డు అవతలికి వినిపించేది. "మందులిచ్చుడు అందరికి వస్తది పిల్లా, పక్కన కూసునుడే రాదు" అని రోజుకు నాలుగుసార్లు దెప్పేది. నాకు ఒళ్లు మండేది.

మతిమరుపు జబ్బు ముదిరిన పోశవ్వ అక్కడే ఉండేది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. కూతురి పేరు మరిచిపోయింది, తన పేరూ మరిచిపోయింది గానీ వేళ్లు పని మరవలేదు. దుప్పటి అంచు దొరికినా, నా చున్నీ దొరికినా చుట్టేసేది. సెలైన్ సూది పీకేస్తోందని నేను విసుక్కుంటే, సుగుణక్క ఎక్కడినుంచో ఒక చాట, కత్తిరించిన ఆకులు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. తంబాకు లేని బీడీలు వరసగా తయారయ్యాయి. ఆ పూట ఆమె సూది జోలికి పోలేదు.

కొన్నాళ్లకు మింగడం తగ్గిపోయింది. ముద్ద బుగ్గలోనే ఉండిపోయేది. భిక్నూర్ నుంచి కూతురు లక్ష్మి వచ్చే రోజున, మీ అమ్మ తిన్నదని చెప్పాలన్న తాపత్రయంతో నేను గబగబా జావ పోశాను. పొలమారి పెదవులు నీలంగా మారాయి. సుగుణక్క పరుగున వచ్చి, పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి బతికించింది. "నీ తృప్తికి పెట్టినవ్, ఆమె ఆకలికి కాదు" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

డాక్టరు చూశాడు. ముక్కులోంచి గొట్టం వేయొచ్చు, అయితే పీకకుండా రెండు చేతులూ మంచానికి కట్టాలి, ఈ దశలో దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని మాత్రం చెప్పలేను, మీరే ఆలోచించుకోండి అన్నాడు. లక్ష్మి ఏడ్చింది. "గొట్టమెయ్యుండ్రి అక్కా. లేకుంటే అవ్వను ఉపాసం పెట్టి సంపిననని ఊరంత అంటది."

గొట్టానికి ఒప్పుకుంటూ లక్ష్మి సంతకం చేయాల్సిన కాగితం నా చేతిలోనే ఉంది. సుగుణక్క దాన్ని లాక్కుని పక్కన పెట్టి, చాయ్ తెప్పించింది.

"కాగితం యాడికి పోదు. మీ అవ్వ మంచిగున్నప్పుడు, ఎవలన్న మంచాన పడితే ఏమనేది?"

లక్ష్మి చాయ్ గ్లాసు కింద పెట్టింది. "మా నాయినమ్మ ఆఖరి దినాలల్ల అందరు పాలు పోస్తమని ఎగబడ్డరు. అవ్వనే అడ్డం నిలవడ్డది. నోరు తడిపితే సాలు, సతాయించకుండ్రి అన్నది."

"మరి ఆమెనే చెప్పింది గదా బిడ్డా. మనం తిండి బందు పెడ్తలేం. నోరు తెరిస్తే చెంచడు పెడ్దం, మూస్తే ఆపుదం. నొప్పి లేకుండ చూసుడు నా పూచీ. ఊరోళ్లు అడిగితే నా దగ్గరికి పంపు."

గొట్టం వేయలేదు. లక్ష్మి అక్కడే ఉండిపోయింది. ఆరో రోజు పొద్దున, ఆమె తడి దూదితో పెదవులు తడుపుతుండగా పోశవ్వ పోయింది. ఒక చేతి వేళ్లకు కూతురి కొంగు చుట్టుకుని ఉంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. సుగుణక్క కూడా ఏడ్చింది, దాచుకోకుండా.

ఇప్పుడు సుగుణక్క లేదు. ఆమె కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఎవరిని చేర్చుకున్నా, మంచం చూపించకముందే, సుగుణక్క ఆనాడు లక్ష్మిని అడిగిన ప్రశ్నే అడుగుతాను. మాట, తెలివి ఇంకా ఉన్నవాళ్లయితే వాళ్లనే అడుగుతాను. ఇంటివాళ్లు కొందరు అపశకునమని కోపం చేసుకుంటారు. వాళ్లు చల్లబడేదాకా పక్కన కూర్చుంటాను.

ఎల్లారెడ్డిలో ఉన్న మా అమ్మ ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. ఇంకా ఆలస్యం చేయకూడదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? పోయిన వారం ఆ ప్రశ్న అడగాలనే పోయాను. ఎదురుగా కూర్చుని, "అవ్వా, ఒకటి అడుగుత" అన్నాను.

"అడుగు బిడ్డా" అంది.

"కూర ఏం వండినవ్?" అన్నాను.