అన్నయ్య మెడలో టై

పోయిన శనివారం అమెరికాలో మేముండే నోవై ఊరి లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్మకానికి పెడితే, ఒక బల్ల మీద పందొమ్మిదో శతాబ్దపు అమెరికా ఎన్నికల వ్యంగ్యచిత్రాల పుస్తకం కనిపించింది. ఈ దేశ చరిత్ర నాకు నేర్పింది ఏ కాలేజీయో కాదు, అట్ట ఊడిన ఆ పుస్తకమే.

వచ్చిన కొత్తలో మంచు కురిసే ఆదివారాలన్నీ దానితోనే గడిపాను. ఒక పత్రికా సంపాదకుడు అధ్యక్ష పదవికి నిలబడితే, చిత్రకారుడు వారం వారం ఆయన తెల్లకోటు పట్టుకుని ఎంతగా ఆడించాడంటే, చివరికి మనిషి పోయి కోటే మిగిలింది. పోలింగుకు వారం ముందు ఆయన భార్య, తర్వాత నెల తిరక్కుండానే ఆయనా చనిపోయారని కింద రాసి ఉంటే అదీ చదివాను. చదివి, కోటు పట్టుకోవాలన్న కిటుకు మాత్రం నేర్చుకున్నాను.

ఆ ఏడే మా తెలుగు సంఘం ఎన్నికలు. అధ్యక్ష పదవికి నిలబడింది మా పెద్దమ్మ కొడుకు, నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకుని, మంచులో డ్రైవింగ్ నేర్పిన అన్నయ్య. నేను అవతలి ప్యానెల్‌లో చేరాను, ఎందుకంటే తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందులో అందరి ముందూ అన్నయ్య, "మావాడు లైబ్రరీ ప్రొఫెసరండీ, జీతమొక్కటే రాదు" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను, గుర్తుపెట్టుకున్నాను.

ఒక మంగళవారం జ్వరమని చెప్పి ఆఫీసు ఎగ్గొట్టి లైబ్రరీకి వెళితే, మూల బల్ల దగ్గర అన్నయ్య టై కట్టుకుని, లంచ్ బాక్సు పక్కన పెట్టుకుని, ఉద్యోగ ప్రకటనలు వెతుక్కుంటున్నాడు. నన్ను చూడలేదు. ఆ టై, ఆ బాక్సు చూడగానే నాకు అర్థమైంది: ఉద్యోగం పోయింది, దానితో పాటే వీసా పోబోతోంది, వదినకు చెప్పలేదు. మన తరానికి ఉద్యోగం పోవడమంటే పరువు పోవడమే కదా.

ఉగాది వేడుకలో వంటకాల బల్ల పైన, గోడకి నేను గీసిన అన్నయ్య బొమ్మ అంటించాను. పాత చిత్రకారుల పద్ధతిలోనే అన్నిటికీ చీటీలు తగిలించాను: అల్మారాకి 'లైబ్రరీ', లంచ్ బాక్సుకి 'మంగళవారం', నేలదాకా జారిన టైకి 'లేని ఉద్యోగం'. జనం పగలబడి నవ్వారు. పులిహోర గిన్నె దించడానికి వచ్చిన వదిన ఆ చీటీలన్నీ ఒక్కొక్కటే చదివింది.

"ఏవండీ, నిన్న కట్టిచ్చిన బాక్సు కూడా అక్కడే తిన్నారా?"

అన్నయ్య టై సర్దుకున్నాడు. దానికి మళ్ళీ నవ్వారు. మేం గెలిచాం.

ఆ నెలాఖరుకే వాళ్ళు ఇండియాకి వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. కారు దిగుతూ అన్నయ్య, "టై బాగా కుదిరిందిరా" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ మాట్లాడలేదు.

ఇప్పటి పిల్లలు లేఆఫ్ అయిన గంటలోనే ఫోటోతో సహా ఆన్‌లైన్‌లో చెప్పుకుంటున్నారు, స్నేహితులు తమ కంపెనీల్లో ఉద్యోగాలకి రెఫరల్స్ పంపుతున్నారు. వాళ్ళు దాచుకునేదీ లేదు, నాలాంటివాడు చీటీ తగిలించేదీ లేదు. లైబ్రరీలో అన్నయ్య కూర్చున్న మూల బల్ల మాత్రం అక్కడే ఉంది. పుస్తకం కొనుక్కుని దాని దగ్గరే కూర్చుని తిరగేశాను. తెల్లకోటు పేజీ రాగానే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, నాకు ముందు నవ్వే వచ్చింది.