ఓబులేసు చేయని ప్రమాణం

దయ్యాలను నమ్మకపోవడానికి నేను పెద్దగా చదివిందేమీ లేదు. మా మైదుకూరులో మే నెలలో బతికున్నవాళ్లే బయట తిరగలేరు, చచ్చినవాళ్లకేం ఖర్మ అన్నది నా వాదన. ఇప్పటికీ అదే వాదన.

పైగా నేను చూసింది దయ్యం కూడా కాదు. వేరేవాళ్లకు తెల్లచీరలు కనబడతాయి, గజ్జెలు వినబడతాయి. నాకు మాత్రం ఒక కర్పూరం బిళ్ల దొరికింది. అదీ మా కొట్లోదే.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు జరిగింది ఇది. డిగ్రీ అయిపోయి నాయన పచారీ కొట్లో కూర్చునేవాణ్ణి. అప్పట్లో మా లోకల్ కేబుల్లో ఆదివారం మధ్యాహ్నం ఒక నేరాల కార్యక్రమం వచ్చేది. చూపించడానికి వాళ్ల దగ్గర బొమ్మలు లేవు. ఒక బావి, ఒక బస్టాండు, రెండు పాత ఫోటోలు తిప్పి తిప్పి వేసేవాళ్లు. మిగతాదంతా ఒక బొంగురు గొంతు చెప్పేది. అందుకే దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు, వినేవాళ్లు. చివర్లో ఆ గొంతు "మీ తీర్పు ఏమిటి?" అని అడిగేది. జనం ఫోన్లు చేసి తీర్పులు చెప్పేవాళ్లు. ఫోను దొరకనివాళ్లు మా కొట్టుకు ఎదురుగా దస్తగిరి టీ అంగడి దగ్గర చెప్పేవాళ్లు.

ఒక ఆదివారం ఓబులేసు కథ వచ్చింది.

ఓబులేసుకు మా వీధి చివర సైకిల్ షాపు. వయసులో ఉండగా అతనూ, స్నేహితుడు సుబ్బన్నా కలిసి వేంపల్లెకు పెళ్లికి పోయారు. తిరిగి వచ్చింది ఓబులేసు ఒక్కడే. కొన్నాళ్లకు సుబ్బన్న ఒక పాడుబడిన బావిలో దొరికాడు. ఇద్దరూ తాగి పోట్లాడుకున్నారని కొందరన్నారు. బస్టాండు దగ్గర విడిపోయామని ఓబులేసు అన్నాడు. కోర్టు సాక్ష్యం చాలదని కేసు కొట్టేసింది. ఊరు కూడా మెల్లగా మరిచిపోయి, అతని దగ్గరే పంక్చర్లు వేయించుకుంటూ వచ్చింది.

కార్యక్రమంలో పేర్లు మార్చామని ముందే చెప్పారు. వేంపల్లె పెళ్లినీ, బావినీ, సైకిల్ షాపునూ మాత్రం మార్చలేదు. కథ సగం కాకముందే ఊరంతటికీ అర్థమైపోయింది.

ఇక తీర్పులు మొదలయ్యాయి. రామ్మూర్తి సారు అని రిటైరైన టీచరు ఒకాయన, నేరం ఓబులేసుదేనని తేల్చేశాడు. నిర్దోషి అయితే ఇన్నేళ్లూ అంత మౌనంగా ఎందుకుంటాడని ఆయన పాయింటు. దస్తగిరి నిర్దోషి పక్షం. దోషి అయితే ఇదే ఊళ్లో, అదే వీధిలో ఎందుకుంటాడని అతని పాయింటు. ఏ పక్కన మనుషులు తక్కువుంటే ఆ పక్కన చేరడం నాకు అలవాటు కాబట్టి నేను రోజుకు రెండుసార్లు మారేవాణ్ణి. ఎవరూ పట్టించుకోలేదు.

ఓబులేసును మాత్రం అందరూ పట్టించుకున్నారు. గాలి దిగిన సైకిళ్లను అతని షాపు ముందునుంచే తోసుకుంటూ పోయి బస్టాండు దగ్గర వేయించుకునేవాళ్లు. అంత ఎండలో! అతను పంపు పక్కన కూర్చుని ఆ పోయే చక్రాల వంక చూసేవాడు.

అప్పుడు వచ్చింది నరసమ్మవ్వ. సుబ్బన్న తల్లి. కొడుకు పోయినప్పటినుంచీ ఆమె ఓబులేసును ఒక్క మాట కూడా అడగలేదు. ఆ ఆదివారం పక్కింట్లో కూర్చుని కార్యక్రమం వినిందట. తన కొడుకు గురించి ఎవరెవరో ఫోన్లు చేసి మాట్లాడటం వినిందట. నాలుగు రోజులు ఆగి వచ్చి షాపు ముందు నిలబడింది.

"ముక్కూమొగం తెలీనోళ్లంతా చెప్తాండారు" అనింది. "నువ్వు చెప్పు."

"నేనేం చేయల్యామ్మా" అన్నాడు ఓబులేసు.

"కర్పూరం ఆర్పి చెప్పు. నేను నమ్ముతా. నమ్మి సచ్చిపోతా."

మా వైపు అది చిన్న విషయం కాదు. దేవుడి ముందు కర్పూరం వెలిగించి, ఆ మంటను చేత్తో ఆర్పి మాట చెప్పాలి. అబద్ధమైతే ఇంట్లో దీపం పెట్టేవాళ్లు మిగలరని నమ్మకం. కోర్టులో అబద్ధం చెప్పిన మొనగాళ్లు కూడా కర్పూరం దగ్గర తడబడటం ఉంది. ఓబులేసు తడబడలేదు. శనివారం పొద్దున ఆంజనేయస్వామి గుడికి వస్తానన్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఎవరో తనను కూర్చోమన్నట్టు ఉంది అతని ముఖం.

శనివారం కర్పూరం నేనే తీసుకుపోయాను. ఇది సాక్ష్యం కాబట్టి వివరంగా చెబుతున్నాను. సీలు తీసిన డబ్బా. అందులోంచి ఆ పొద్దునే వేరేవాళ్లకు అమ్మాం, ఎవరూ తిరిగి తెచ్చివ్వలేదు. అగ్గిపెట్టె కొత్తది. గాలి లేదు. గుడి గంటకు కట్టిన తాడు కూడా కదలడం లేదు. చెమ్మ అంటారేమో, ఆ నెలలో మా ఊళ్లో ఉమ్మితే కింద పడేలోగా ఆరిపోతుంది.

జనం బాగానే వచ్చారు. టీ అంగడి రెండు పక్షాలూ రెండు వైపులా నిలబడ్డాయి. పూజారి పళ్లెంలో బిళ్ల పెట్టి అగ్గిపుల్ల గీశాడు. పుల్ల మండింది. బిళ్ల అంటుకోలేదు. ఇంకో పుల్ల గీశాడు. బిళ్ల అంచు కాస్త నల్లబడింది, అంతే.

పూజారి నా వైపు చూశాడు. ఊరంతా నా వైపు చూసింది. మా కొట్టు పరువు పోతోందని నేనొక బిళ్ల తీసుకుని బయట మెట్టు మీద పెట్టి గీశాను. భగ్గున మండింది. నవ్వుతూ ఇంకోటి పళ్లెంలో వెలిగించి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి తెచ్చాను. ఓబులేసు ముందు పెట్టగానే ఆరిపోయింది. రెపరెపలాడలేదు. మంట లోపలికి వెళ్లిపోయినట్టు పోయింది. పొగ కూడా రాలేదు. నా నవ్వు ముఖం మీద ఎంతసేపు మిగిలిందో నాకు తెలియదు.

గర్భగుడిలో దీపం మాత్రం మామూలుగా వెలుగుతూనే ఉంది. పూజారి ఆ వత్తితో కూడా ప్రయత్నించాడు. కాలేదు.

ఓబులేసు అరచెయ్యి దించనేలేదు, మొదటినుంచీ. ఆర్పడానికి చెయ్యి చాచి ఉన్నాడు, ఆర్పడానికి ఏమీ లేదు. "ఎలిగించండప్పా" అన్నాడు, చాలా మెల్లగా. "ఎట్లోకట్ల ఎలిగించండి."

చివరికి నరసమ్మవ్వ అగ్గిపెట్టె తీసుకుని తనే గీసింది. పుల్ల వేళ్లదాకా కాలింది. బిళ్ల అంటుకోలేదు. ఆమె పుల్ల కింద పారేసి, ఓబులేసును చూడలేదు, స్వామినే చూసింది.

"ఆయప్పకు గూడా తెల్దేమో లే" అనింది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. టీ అంగడి దగ్గర వాదన రెట్టింపయింది. దొంగ ప్రమాణాన్ని స్వామి ఒప్పుకోలేదని రామ్మూర్తి సారు. తప్పు చేయనోడికి ప్రమాణం ఎందుకని స్వామే వద్దన్నాడని అవతలి పక్షం. రెండూ ఒకేలా బలంగా ఉన్నాయి. దస్తగిరి ఒక్కడే నాతో రహస్యంగా అన్నాడు: "కోర్టు కాదంటే పైకోర్టు ఉండాది శెట్టీ. ఈడ కాదంటే యాడికి పోవాల?"

నాకు తెలిసిన సైన్సు సారును అడిగాను. ఆయన చాలా కారణాలు చెప్పాడు. బయట మెట్టు మీద ఎందుకు మండిందో చెప్పలేదు. మా నాయన ఆ డబ్బాలో మిగిలినదంతా మామూలుగా అమ్మేశాడు. అన్నీ మండాయి.

ఆ తర్వాత వారం నుంచి నరసమ్మవ్వ రోజూ పొద్దున ఓబులేసు షాపుకు రావడం మొదలుపెట్టింది. బయట బల్ల మీద కూర్చునేది. మాట్లాడేది కాదు. అతను లేని పని కల్పించుకుని చక్రాలు విప్పి బిగించేవాడు. దస్తగిరి దగ్గరనుంచి టీ తెచ్చి ఆమె పక్కన పెట్టేవాడు. అది చల్లారేది. మధ్యాహ్నం ఆమె లేచి పోయాక అతనే పారబోసేవాడు. చాలా వారాలు అట్లాగే గడిచాయి.

ఒకరోజు ఆమె ఆ టీ తాగింది.

ఊళ్లో అది పెద్ద వార్త అయింది. తీర్పు వచ్చేసిందన్నారు. ఆ సాయంత్రానికే ఇద్దరు సైకిళ్లు తెచ్చి ఓబులేసు ముందు నిలబెట్టారు. నేనుండబట్టలేక, దారిలో ఆమెను ఆపి అడిగాను, నమ్మినావా అవ్వా అని.

"దప్పికయింది నాయనా" అనింది. "తాగినా."

ఆమె ముఖంలో ఇంకేమైనా ఉందేమోనని చాలాసేపు చూశాను. ఏమీ కనబడలేదు. ఆమె పోయి ఏళ్లవుతోంది. ఓబులేసు ఇంకా అక్కడే పంక్చర్లు వేస్తున్నాడు. ఆ కర్పూరం ఎందుకు అంటుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ టీ ఆమె ఎందుకు తాగిందో అంతకన్నా తెలియదు.