ముందు పాతవాటికి

"వదినా, అమ్మెల్లిపోనాది" అన్నాడు మరిది, సైకిల్ దిగకుండానే. అతను మా మేనత్త కొడుకు, మా ఆఖరి చెల్లెలి భర్త. టాటానగర్ రైల్వే క్వార్టర్లో తులసికి నీళ్లు పోస్తున్నదాన్ని, చెంబు అక్కడే పెట్టి గోల్‌మురిలోని అత్త ఇంటికి బయల్దేరాను. దారిలో నామం చెప్పుకుందామంటే నోటికి రాలేదు. అత్త మాటే మెదిలింది: "ముందు పాతోటికెట్టాల."

చేపలతొట్టె గురించి అనేదా మాట. ఇనుప చట్రానికి అద్దాలు బిగించి మామయ్య చేసిన తొట్టె అది. ఆయన పోయాక అందులో రెండు పెద్ద ఏంజెల్ చేపలు మిగిలాయి. అత్త రోజూ డబ్బా మూత మీద వేలితో కొట్టి, చిటికెడు ఎండురొయ్యల పొడి ఎడమ మూల వేసేది. కొత్త చేప వచ్చిననాడు పద్ధతి వేరు. పాతవాటికి కడుపునిండా పెట్టి, లైటు తీసేసి, లోపలి రాళ్లన్నీ చోటు మార్చేది. అప్పుడు కొత్తదాన్ని వదిలి తొట్టెకు దుప్పటి కప్పేది.

"రాళ్లెందుకత్తా?"

"ఎవులి మూల ఏదో ఆటికీ తెలీకపోతే, తగువుకి తీరికేదే?"

చెల్లి అమ్మ లేని పిల్ల. నా చేతుల్లో పెరిగింది. కాపురానికొచ్చిన కొత్తలో సాక్చి బజారుకెళ్లి, ముచ్చటపడి రెండు ఏంజెల్ పిల్లలను తెచ్చుకుంది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. ఏకాదశి. చెల్లి కుట్టు క్లాసుకు వెళ్తూ, "అప్పా, నీ ఉపోసాలు ఈటికి నేర్పకు. ఛోటా బచ్చా హై!" అని నవ్వింది. అత్త రేషను సంచీ తీసుకుని, "నానొచ్చీదాకా గిన్నిలోనే ఉండనీ. పాతోటికింకా మేతెయ్యనేదు" అని చెప్పి వెళ్లింది.

నేను పంచాంగం చూశాను. కాసేపట్లో వర్జ్యం. మంచి ఘడియ దాటిపోతుందని ఆత్రం. మేత వేద్దామంటే రొయ్యలపొడి, ఏకాదశినాడు ముట్టుకోను. ఒక్కపూటకేమవుతుందిలే అనుకుని, దణ్ణం పెట్టుకుని పిల్లలను తొట్టెలోకి వదిలేశాను.

పాతవి ముందు కదల్లేదు. తర్వాత రెక్కలు నిక్కించాయి. పెద్దది సూటిగా వచ్చి ఒక పిల్లను పొట్టలో పొడిచింది. రెండోది తరుముకొచ్చింది. నేను అద్దం మీద అరచేత్తో కొట్టాను, గరిటె అడ్డం పెట్టాను. పిల్లలు ఎటు పోయినా పాతవాటి మూలే. రెక్కల ముక్కలు నీళ్లలో తేలుతున్నాయి. నా నోట్లో నామం ఆగలేదు, అవీ ఆగలేదు.

అత్త వచ్చేసరికి ఒకటి అడుగున పడి ఉంది. రెండోది గాలి గొట్టం వెనక ఇరుక్కుని ఆయాసపడుతోంది. అత్త సంచీ పడేసి లైటు ఆర్పింది. గుప్పెడు పొడి ఎడమ మూలకు విసిరి, మోచేతుల దాకా చెయ్యి ముంచి రాళ్లు తిరగేసింది. "దుప్పటి తే, బేగి!" అంది. నేను తెచ్చేలోగా చచ్చినదాన్ని పైకి తీసింది.

అప్పుడే చెల్లి గుమ్మంలోకి వచ్చింది. గచ్చు మీద నీళ్లు, అత్త చేతిలో చచ్చిన పిల్ల.

"ఏటైపోనాది అత్తా? కిస్‌నే ఛోడా?"

నేను నోరు తెరిచాను. అత్త నావైపు చూడకుండానే అంది, "నానే వదిలినాను. మేతెయ్యడం మర్సిపోనాను."

"మర్సిపోనావా, ఇష్టం నేకపోనాదా?" అని చెల్లి లోపలికెళ్లి తలుపేసుకుంది.

రెండో పిల్ల చిరిగిన తోకతో బతికింది. చెల్లి మాత్రం నెలపైన అత్తతో ముభావంగానే ఉంది. కంచం పెట్టేది, మాట పెట్టేది కాదు. చూడలేక నిజం చెప్పేస్తానన్నాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"నానత్తనే, నా మీద కోపం ఇయ్యాల ఉంటాది, రేపు పోద్ది. నువ్వు దానికి తల్లి నాంటిదానివి. నీ మీద నమ్మకం పోతే అదెక్కడికెల్లి ఏడుత్తాది?"

కోపం అలాగే పోయింది. ఆఖరి రోజుల్లో అత్తకు నోట్లో గంజి పోసింది చెల్లే. నేను మాత్రం ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. చెల్లీ, ఆనాడు చేపలను వదిలింది నేను. ఇది చదివి నీకు కోపం వస్తే రానీ. అత్త మీద మాత్రం ఆ మాట ఉండకూడదు.

కర్మలన్నీ అయ్యాక మొన్న ఏకాదశికి గోల్‌మురిలోనే ఉన్నాను. చెల్లి వంటింట్లో ఉంది. తొట్టె దగ్గర డబ్బా కనిపించింది. మూత మీద వేలితో కొట్టాను. చేపలన్నీ ఎడమ మూలకు చేరాయి. చిటికెడు తీసి వేశాను.

తర్వాత దేవుడి ముందు చేతులు జోడిస్తే వేళ్లు రొయ్యల వాసన వేశాయి. కడుక్కోలేదు.