మేస్త్రికి కట్టని రుమాలు

మొన్న మా చిన్నల్లుడు, చదివిందేదైనా పక్కవాడికి చెప్పకపోతే అన్నం అరగని మనిషి, మేస్త్రి అన్న మాట మనది కానే కాదనీ, పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందనీ, వాళ్ల దేశంలోనూ పక్కనున్న స్పెయిన్‌లోనూ కొద్ది తేడాతో అదే మాట చేయి తిరిగిన పనివాడికీ, పిల్లలకు చదువు చెప్పే పంతులుకూ చెల్లుతుందనీ చెప్పాడు. అతడు చెప్పి మరిచిపోయాడు గానీ నాకు మాత్రం సిగ్గుతో తల వాలిపోయింది.

నిజాం పాలనలో, పంతొమ్మిది వందల నలభైల మొదట్లో ఎల్లారెడ్డి బడిలో కొత్తగా పంతులునై, నాలుగు ఉర్దూ ముక్కలు వచ్చినందుకే నేల మీద కాలు ఆనించని రోజులవి. ఉండేది మా నాన్నకు అన్న అయిన పెదబాపు ఇంట్లో. భూములు తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేని ఆయనకు చెమటోడ్చేవాడెవడూ మనిషిలా ఆనేవాడు కాదు. కామారెడ్డి నుంచి వచ్చిన మేస్త్రి ఎనిమిది నెలలు ఎండనక వాననక కొత్త ఇంటి గోడలు లేపితే, ఆయన అరుగు మీద కూర్చొని చేత్తో సైగ చేసి పనులు చెప్పేవాడు.

మా వైపు దర్వాజ, అంటే ఇంటి ముందు గుమ్మం, నిలబెట్టే రోజున ఇంటి యజమాని తన చేతులతో మేస్త్రి తలకు కొత్త రుమాలు చుట్టాలి. ఆ తరువాతే అతడు దర్వాజ మీద చేయి వేస్తాడు. ఊరంతా చూస్తుండగా పనివాడికి దక్కే మర్యాద అదొక్కటే. మా పెదబాపు ఆ రుమాలును జీతగాడి చేత పంపించి తాను కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. మేస్త్రి దాన్ని ముట్టుకోలేదు.

"పటేలా, మీ చేతులతోని కడితెనే దర్వాజ ఎత్తుత, లేకుంటె ఎత్త" అన్నాడు మెల్లగా.

చదువుకున్నవాడివి నువ్వు చెప్పు అన్నట్టు పెదబాపు నావంక చూశాడు. మేస్త్రి పరువు నిలవడమో పోవడమో నా ఒక్క మాటలో ఉంది. "మట్టి పిసికెటోనికి రుమాలేంది?" అన్నాను నేను. వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. మేస్త్రి గోడ నిటారు చూసే తూకం గుండుకు దారం చుట్టుకొని, సంచీ భుజాన వేసుకొని కామారెడ్డి బాట పట్టాడు. మళ్లీ ఎల్లారెడ్డిలో అడుగు పెట్టలేదు. దర్వాజను కూలీల చేత ఎత్తించారు.

ఇప్పుడు దర్వాజలు లారీల్లో వస్తున్నాయి, కాంట్రాక్టరు మనుషులు బిగించి పోతున్నారు, ఎవరికీ ఎవరూ రుమాలు కట్టే పని లేదు. పాత మర్యాదలు పోయాయని నా ఈడువాళ్లు వాపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఉన్న రోజుల్లో మనం వెలగబెట్టింది ఎవరికి తెలియదని? అల్లుడి మాట విన్నాక, ఆ మేస్త్రి పిల్లలెక్కడున్నారో వెతికించి ఒక రుమాలైనా పంపుదామనుకున్నాను. ఎవరి పిల్లలని అడగను? ఎనిమిది నెలలు ఒకే వాకిట్లో తిరిగినా అతడి పేరేమిటో నేను అడగలేదు.