డ్రైవరు గారి కోసం మిల్లు ఆగింది

డ్రైవరు గారు పోయారు. మిల్లు ఆగలేదు. ముందు ఆ తప్పు చెప్పాకే ఆయన గురించి చెబుతాను.

మండపేటలో మా మిల్లు వీధికి ఒక పద్ధతి ఉంది. మిల్లులో పనిచేసిన మనిషి ఎవరు పోయినా పాడెను గేటు ముందు ఒక్క నిమిషం దించుతాం. లోపల మిషన్లు ఆపుతారు. పాడె లేచి వీధి మలుపు తిరిగాక సైరన్ వేసి పని మొదలుపెడతారు. బస్తాలు మోసినవాడికైనా, ఊక ఎత్తిన ఆవిడకైనా అంతే. అలాంటిది, డ్రైవరుగా సగం జీవితం ఆ మిషన్లు నడిపిన మనిషిని గేటు ముందు దించితే మేనేజరు గుమాస్తాతో కబురు పంపాడు. ఆయన రెండేళ్ళుగా మా మనిషి కాదు, లారీలకు దారి వదలండి అని. మేం కదల్లేదు. లోపల మిషన్లూ ఆగలేదు. చివరికి ఆయన భార్య, మేం పిన్ని గారని పిలిచే ఆవిడ, ఎండలో నిలబడలేక మెట్టు మీద కూలబడిపోతే పాడె ఎత్తుకుని వెళ్ళిపోయాం.

రెండేళ్ళుగా ఆయన వాళ్ళ మనిషి ఎందుకు కాదంటే, దగ్గు. తవుడు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. దగ్గే మనిషి మిషన్ల దగ్గర ఉండకూడదని మాన్పించేశారు. ఆ దుమ్ము ఎక్కడిదని ఎవరూ అడగలేదు. మేం అడిగాం, పాట కట్టి మరీ అడిగాం.

మేం అంటే జల్లెడ. అది మా బ్యాండు పేరు. ఇద్దరమే. నేను పగలంతా అదే మిల్లులో బస్తాలు మోస్తాను. సునీత మొబైల్ షాపులో పనిచేస్తుంది, ఆదివారం చర్చిలో పాడుతుంది. నాకు సంగీతం ఎవరూ నేర్పలేదు. పాత లాప్‌టాప్‌లో వీడియోలు చూసి దరువులు కట్టుకోవడం నేర్చుకున్నాను. ఎక్కడో లండన్‌లో పుట్టి పెరిగిన బెంగాలీ, పంజాబీ పిల్లలు తబలాకి కంప్యూటర్ మోత కలిపి, తమని వీధుల్లో తరిమి కొట్టినవాళ్ళ మీద పాటలు కట్టారని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళలాగే ఒకటి చేసి తెచ్చి, భోజనాల వేళ డ్రైవరు గారి చెవిలో పెట్టాను. అప్పటికి ఆయన ఇంకా పనిలోనే ఉన్నారు. మిల్లు మొత్తంలో నా మాట పూర్తిగా వినేది ఆయనొక్కరే.

చివరిదాకా విన్నారు. ఇయర్‌ఫోన్ తీసి, తుడిచి, నా చేతిలో పెట్టారు.

"ఆళ్ళ ఊరి మోత ఆళ్ళు వినిపించార్రా. బానే ఉంది. మరి మన ఊరి మోతేదిరా?"

నాకు కోపం వచ్చింది. మన ఊళ్ళో ఏముందండి, వడ్లు తప్ప అన్నాను. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకున్నారు. దాని మొన బేరింగు మీద ఆనించి, పిడి నా చెవి కింద ఎముకకి ఆనించారు. ఆ దెబ్బకి నా పళ్ళు అదిరాయి. మిషన్ కడుపులో ఏం జరుగుతోందో అంతా నా తలలో వినపడింది. ఆయన మిషన్ల జబ్బు కనిపెట్టేది అలాగే. మీటర్లు పెట్టి వెతికే ఇంజనీరుకి సాయంత్రం తెలిసేది ఈయనకి పొద్దున్నే తెలిసిపోయేది.

ఆ రోజు నుంచి ఆయనే మా గురువు. ఎలివేటర్ బెల్టు ఎలా కొట్టుకుంటుందో, జల్లెడ ఏ దరువున ఊగుతుందో, వడ్ల పొట్టు వలిచే షెల్లర్‌లోకి వడ్లు సరిగా పడుతుంటే మోత ఎంత మెత్తగా ఉంటుందో ఒక్కొక్కటే వినిపించారు. పాడైపోయిన పాటల బొమ్మలోంచి ఊడదీసిన ఇత్తడి బిళ్ళని, అదురు పట్టే మైకులా మిషన్లకి అతికించి ఇద్దరం ఫోన్‌లో రికార్డు చేసేవాళ్ళం. పాటలో నేను అన్నిటినీ ఒకేసారి మోగించేవాణ్ణి. ఆయన విసుక్కునేవారు. "ఏది ఆపాలో తెలీనోడికి మిల్లూ రాదు, పాటా రాదు" అనేవారు. పనిలోంచి తీసేశాక మాతోనే తిరిగారు. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ కాంట్రాక్టు కార్మికుల సభలో మేం వాయిస్తుంటే మిక్సర్ దగ్గర ఆయనే నిలబడ్డారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో టెస్టరు పెట్టుకుని. ఆ టెస్టరు ఎందుకండి అని సునీత ఆట పట్టిస్తే, "అది లేకపోతే బట్టలేసుకున్నట్టుండదమ్మాయ్" అన్నారు.

దుమ్ము పాట రికార్డు చేసేటప్పుడు మధ్యలో ఆయనకి దగ్గు తెర వచ్చింది. నేను దాన్ని కత్తిరించబోయాను. చెయ్యి పట్టుకున్నారు.

"ఉంచెయ్. అదీ మిల్లు మోతే."

ఉంచాం. ఆ పాట చివర ఏం రావాలో కూడా ఆయనే చెప్పారు. షెల్లర్‌లో వడ్లు అయిపోయి, ఖాళీగా తిరిగే కీచుమోత. ఆ మోత వస్తే డ్రైవరు ఆలోచించకూడదు. వడ్లు లేకుండా దాని లోపలి రెండు రబ్బరు రోలర్లూ ఒకదాన్నొకటి రాసుకుంటే నిమిషాల్లో అరిగిపోతాయి. అందుకే చెవిన పడేసరికే చెయ్యి లివరు మీద ఉండాలి, షెల్లర్ ఆగాలి, దాని వెనకే మిగతావన్నీ వరసగా ఆగాలి. ఇప్పుడు మిల్లు నడుపుతున్న డ్రైవరుకి, అంటే ఆయన శిష్యుడికి, ఏళ్ళ తరబడి అదే నేర్పారు.

పెద్దకార్యం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ట్రాక్టరు ట్రక్కు మీద పెద్ద స్పీకరు బాక్సులు పెట్టుకుని గేటు ముందుకి వెళ్ళాం. అనుకున్నది ఒకటే. పాట వినిపించి వచ్చేద్దామని. పిన్ని గారూ వచ్చారు. సునీత పాడింది. దగ్గు దగ్గరకి వచ్చేసరికి పిన్ని గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆఖరికి షెల్లర్ ఖాళీ మోత వచ్చింది. నేను పూర్తిగా పెంచాను.

లోపల షెల్లర్ ఆగిపోయింది.

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత ఎలివేటర్ ఆగింది. పాలిషర్ ఆగింది. జల్లెడ రెండు ఊపులు ఊగి ఆగింది. ఆ వీధిలో గేటు మీద వాలిన పిచ్చుకల అరుపు కూడా వినపడింది. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. శిష్యుడు నూనె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, బాక్సుల వంక చూసి, తల గోక్కున్నాడు.

"షెల్లర్ ఖాళీ అయిపోయిందనుకున్నానండి."

"బయట బాక్సులో మోతకి లోపల మిషన్ ఆపుతావా? చెవులా అవి?"

"నేర్పిందీ ఆయనేనండి, తేడా తెలీకుండా రికార్డు చేసిందీ ఆయనేనండి. నన్నేం చేయమంటారు?"

బస్తాలు మోసే జట్టు వాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆయన పోయాక ఆ వీధిలో అందరూ కలిసి నవ్వడం అదే మొదలు. శిష్యుడు నాతో కూడా ఒట్టేసి చెప్పాడు, పొరపాటేనని. నమ్ముతాను. డ్రైవరు గారి దగ్గర పని నేర్చినవాడు మాత్రమే చేయగలిగిన పొరపాటది.

కానీ ఆ తర్వాత జరిగింది పొరపాటు కాదు. మేనేజరు ఆన్ చెయ్యమన్నాడు. శిష్యుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జట్టు వాళ్ళు మోస్తున్న బస్తాలు దించేసి, తలగుడ్డలు తీసి, ఒక్కొక్కరే గేటు బయటికి వచ్చారు. ఊక ఎత్తే ఆడవాళ్ళు వచ్చి పిన్ని గారి చుట్టూ నిలబడ్డారు. లారీ డ్రైవర్లు ఇంజన్లు ఆపేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పాడె లేదు, మనిషి లేడు, అయినా పద్ధతి జరిగింది. చాలాసేపటికి పిన్ని గారు కళ్ళు తుడుచుకుని, "ఇంక పనిలోకెళ్ళండి నాయనా" అన్నారు. అప్పుడు సైరన్ మోగింది. వేసిందెవరో మేనేజరు ఇప్పటికీ వెతుకుతున్నాడు. వెతకనీండి.

మేం గెలిచాం. ఆ మాట రాయడానికి నాకు మొహమాటం లేదు. వాళ్ళు తమ మనిషి కాదన్నవాడు, చనిపోయిన పదకొండో రోజున, ఫోన్‌లో పట్టిన మోతతో మిల్లు మొత్తం ఆపించాడు.

ఇప్పుడు మిల్లు యజమాని గారికి ఒక మాట. ఆ మధ్యాహ్నం మిల్లు ఆగింది యంత్రలోపం వల్లనని కాగితం రాసి, శిష్యుణ్ణి సంతకం పెట్టమంటున్నారు. అతను పెట్టడు. మిషన్లకి ఏ లోపమూ లేదని మీకూ తెలుసు. ఆ కాగితం చించేయండి. మిల్లులో పనిచేసిన ఎవరు పోయినా, మీరు మాన్పించినవాళ్ళయినా సరే, మిషన్లు ఆపుతామని చెప్పండి. మాకు కబురు పెట్టొద్దు, గుమాస్తాని పంపొద్దు. పిన్ని గారి ఇల్లు మీ గేటుకి నాలుగిళ్ళ అవతలే. మీరే నడిచి వెళ్ళి, ఆవిడ ఎదుట నిలబడి చెప్పండి. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరు గంటల లోపు.